మజిలీలు మానేసిన మార్కోనీ

రేడియో పేరెత్తితే మార్కోనీ పేరు రాక మానదు. హైస్కూలు పాఠాల్లో ఆయన కథ 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రం దాటిన మూడు చుక్కలతో ముగిసిపోతుంది. ఆనాటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. ఆ తరువాత ఇంకా 35 సంవత్సరాల పైచిలుకు జీవించాడు. ఆ 35 సంవత్సరాలూ ఏం చేశాడనేది మన పాఠాల్లో ఉండదు. నా మట్టుకు నాకు అసలైన మార్కోనీ అక్కడే కనిపిస్తాడు. స్టేషన్లను ఎక్కడ పెట్టాలి, వార్తను ఏ దారిన పంపాలి, మధ్యలో ఎన్ని మజిలీలు ఉండాలి అనే ప్రశ్నతో ఆయన సగం జీవితం గడిపాడు. యాభయ్యో ఏట, తాను కట్టిన దారినే తాను కాదనుకుని మరో దారి పట్టాడు. ఈ వ్యాసం ఆ సంగతి గురించి.

గూలియెల్మో మార్కోనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యా నగరంలో పుట్టాడు. తండ్రి జుసెప్పె భూస్వామి. తల్లి ఆనీ జేమ్‌సన్ ఐర్లండ్ దేశస్థురాలు, విస్కీ వ్యాపారానికి పేరుపడ్డ జేమ్‌సన్ కుటుంబానికి చెందినది. పోంటెకియోలోని వాళ్ల ఇల్లు విల్లా గ్రిఫోనె చుట్టూ పొలాలే. ఆ కుర్రవాడికి విశ్వవిద్యాలయ పట్టా లేదు. పొరుగున ఉన్న ప్రొఫెసర్ రిగీ దయవల్ల కొంత, పుస్తకాల వల్ల కొంత హెర్ట్జ్ తరంగాల గురించి తెలుసుకున్నాడు. ఇంటి మేడమీద గదిలో పరికరాలు పెట్టుకుని మొదలుపెట్టాడు. ఏరియల్ కొస ఒకటి ఎత్తుకు, రెండోది భూమిలోకి కలిపితే దూరం పెరుగుతుందని కనిపెట్టాడు. 1895లో అన్న అల్ఫోన్సో రిసీవరు పట్టుకుని గుట్ట అవతలికి వెళ్లాడు. సంకేతం అందితే తుపాకి పేల్చాలని ఒప్పందం. తుపాకి పేలింది. కంటికి కనిపించని చోటికి కూడా తరంగం చేరుతుందని ఆ మోతతో తేలింది.

1896లో తల్లితో కలిసి ఇంగ్లండు వెళ్లి పేటెంటు తీసుకున్నాడు. 1897 మే నెలలో బ్రిస్టల్ ఛానల్ మీదుగా, 1899లో ఇంగ్లండు ఫ్రాన్సుల నడుమ సముద్రం మీదుగా వార్తలు పంపాడు. 1901లో అట్లాంటిక్ ప్రయత్నం. ఇంగ్లండులోని పోల్డ్యూలో గుండ్రంగా పాతిన ఇరవై స్తంభాలూ సెప్టెంబరు గాలివానకు కూలిపోయాయి. మనిషి నీరుగారిపోలేదు. చిన్న ఏరియల్ కట్టించి, తాను న్యూఫౌండ్‌లండ్‌లోని సిగ్నల్ హిల్‌కు పోయి, గాలిపటానికి సుమారు 150 మీటర్ల తీగ కట్టి ఎగరేసి, చెవికి టెలిఫోను పెట్టుకుని కూర్చున్నాడు. సుమారు 3,500 కిలోమీటర్ల అవతల నుంచి ఎస్ అక్షరం, అంటే మూడు చుక్కలు, తనకూ తన సహాయకుడు కెంప్‌కూ వినిపించాయని ప్రకటించాడు. విన్నది ఇద్దరే. రాతలో నమోదు లేదు. పైగా పట్టపగలు. అందువల్ల ఆ సంగతిని అనుమానించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆరోజు వాడిన పాదరసపు గ్రాహకానికి మూలం, మన జగదీశ్ చంద్ర బోసు 1899లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ఉందని 1998లో ఒక పరిశోధకుడు వాదించాడు. మార్కోనీని తలచుకునేటప్పుడు బోసును మరిచిపోకూడదు.

ఆ అనుమానాలకు జవాబు చెప్పడానికి 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అనే ఓడ ఎక్కాడు. ఈసారి సంకేతాలు కాగితపు పట్టీ మీద పడే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ ప్రయాణంలో ఒక వింత బయటపడింది. పగలు 700 మైళ్లు దాటాక వినిపించడం మానేసిన సంకేతం, రాత్రిపూట 2,000 మైళ్ల దాకా అందింది. రాత్రికీ పగటికీ ఇంత తేడా ఎందుకు? అదే ఏట అమెరికాలో కెనెలీ, ఇంగ్లండులో హెవిసైడ్, పై వాతావరణంలో తరంగాలను తిప్పికొట్టే విద్యుత్ పొర ఒకటి ఉండవచ్చునని ఊహించారు. దానినే ఇప్పుడు మనం అయనోస్ఫియర్ అంటున్నాం. అయితే అది ఊహగానే ఉండిపోయింది. మార్కోనీ దాని జోలికి పోకుండా తనకు తోచిన వైద్యం చేశాడు. తరంగదైర్ఘ్యం పెంచితే పగటిపూట తేడా తగ్గుతున్నదని గమనించి, ఇంకా పొడుగు అలలు, ఇంకా పెద్ద ఏరియళ్లు, ఇంకా ఎక్కువ పవరు అంటూ పోయాడు. 1907 అక్టోబరులో ఐర్లండులోని క్లిఫ్డెన్‌కూ కెనడాలోని గ్లేస్ బేకూ మధ్య వ్యాపార సర్వీసు మొదలయింది. క్లిఫ్డెన్ స్టేషను బాయిలర్లకు చిత్తడి నేలల్లో తవ్విన పీట్ బొగ్గు వేసేవారు. అలల పొడుగు వేల మీటర్లు. ఇదే సరైన మార్గమని లోకమంతా నమ్మింది. 1909లో బ్రౌన్‌తో కలిపి నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఇక్కడ దారుల విషయం మొదలవుతుంది.

1910లో మార్కోనీ కంపెనీ బ్రిటిషు ప్రభుత్వం ముందు ఒక పథకం పెట్టింది. సామ్రాజ్యం పొడుగునా 18 స్టేషన్లు. ఒకదాని నుంచి ఇంకొకదానికి వార్త అందించుకుంటూ పోవాలి. 1912, 1913 సంవత్సరాల ఒప్పందాల నాటికి అది ఆరు స్టేషన్లకు దిగింది: ఇంగ్లండు, ఈజిప్టు, తూర్పు ఆఫ్రికా, దక్షిణాఫ్రికా, ఇండియా, సింగపూరు. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య సుమారు 2,000 మైళ్లు. కాశీ మజిలీల లెక్కన అన్నమాట. ఒక మజిలీలో దిగి, అలసట తీర్చుకుని, మళ్లీ బయలుదేరడం. ఈ ఒప్పందం మీద పెద్ద రభస జరిగింది. కొందరు మంత్రులు మార్కోనీ అమెరికా కంపెనీ వాటాలు కొన్నారని పార్లమెంటు అట్టుడికింది. ఆ తరువాత 1914లో యుద్ధం వచ్చి పథకం మూలబడింది.

యుద్ధం అయిపోయాక ప్రభుత్వ కమిటీ ఒకటి మళ్లీ అదే 2,000 మైళ్ల మజిలీల పథకాన్ని 1920లో సిఫారసు చేసింది. ఆస్ట్రేలియా ప్రధాని హ్యూస్ ససేమిరా అన్నాడు. అన్ని మజిలీలు దాటి వచ్చేసరికి తమ దాకా వచ్చే వార్త ఆలస్యమవుతుందని, నేరుగా ఇంగ్లండుతో మాట్లాడే ఏర్పాటు కావాలని ఆయన పట్టుబట్టాడు.

ఆయన బాధ మా కాలవ చివరి రైతు బాధే. మడి మీద మడిగా నీళ్లు పారించే చోట పై మడి నిండితేగాని కింది మడికి నీరు దిగదు. ఒక గట్టు తెగిందంటే ఆ కిందవాళ్లందరికీ ఎండే. రిలే స్టేషన్ల వరుసా అంతే. కాగితం మీద లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకి, ఒక్కొక్క మజిలీ రోజులో నూటికి 90 పాళ్లు బాగా పనిచేస్తుందనుకుందాం. బాగానే ఉందే అనిపిస్తుంది. వరుసగా ఐదు మజిలీలు దాటాలంటే 0.9ని ఐదుసార్లు గుణించాలి. వచ్చేది 0.59. అంటే ఐదూ ఒకేసారి బాగున్న సమయం నూటికి 59 పాళ్లే! ప్రతి ఆపరేటరూ నూరు మాటలకు ఒక మాట తప్పు వింటే చివరికి సుమారు ఐదు మాటలు తప్పు. ఒకచోట వార్తలు పేరుకుపోతే ఆ వెనకాల అన్నిచోట్లా పేరుకుపోతాయి. ఒక్కొక్క స్టేషను ఎంత గట్టిదైనా, వాటిని కూర్చిన తీరే పనిని నిర్ణయిస్తుంది.

మరి మజిలీలు లేకుండా నేరుగా పంపాలంటే? పొడుగు అలలతో అయితే బ్రహ్మాండమైన పవరు, కొండంత ఏరియళ్లు కావాలి. మార్కోనీ కంపెనీ అప్పటికి ఆ వాదనే చేస్తున్నది. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో అలాంటి భారీ స్టేషన్లకు ఒప్పందాలు కూడా జరిగాయి.

ఈలోగా ఒక విచిత్రం జరిగింది. 200 మీటర్ల కంటె పొట్టి అలలు దేనికీ పనికిరావని పెద్దలు తీర్మానించి, వాటిని అమెచ్యూర్లకు, అంటే సరదాకి రేడియో చేసేవాళ్లకు, వదిలేశారు. ఊరి చివర చవుడు నేల పేదవాడికి పట్టా ఇచ్చినట్టు. 1921 డిసెంబరులో అమెరికా అమెచ్యూర్ల సంకేతాలు, చాలా తక్కువ పవరువి, స్కాట్‌లండులో వినిపించాయి. మార్కోనీ తన సహాయకుడు ఫ్రాంక్లిన్ చేత 1916 నుంచీ పొట్టి అలలను అద్దంలా పనిచేసే తీగల వరుసలతో ఒకే దిక్కుకు మళ్లించే ప్రయోగాలు చేయిస్తూనే ఉన్నాడు. 1922 జూన్‌లో న్యూయార్కులో ఇంజనీర్ల సభలో, ఇన్నాళ్లూ మనం పొడుగు అలల వెంటపడి పొట్టి అలలను నిర్లక్ష్యం చేశామని బాహాటంగా ఒప్పుకున్నాడు. పొడుగు అలల మీద పేరూ డబ్బూ సంపాదించినవాడు ఆ మాట అనడం మామూలు విషయం కాదు.

1923లో తన ఓడ ఎలెట్రాలో బయలుదేరాడు. ఆ ఓడే ఆయనకు ఇల్లు, ఆ ఓడే లాబొరేటరీ. పోల్డ్యూ నుంచి 97 మీటర్ల అల మీద సంకేతాలు పంపమని ఫ్రాంక్లిన్‌కు చెప్పి, దక్షిణంగా కేప్ వెర్డె దీవుల దాకా పోయాడు. రాత్రిపూట అక్కడ సంకేతం దద్దరిల్లిపోయింది. పోల్డ్యూలో పవరు 12 కిలోవాట్ల నుంచి 1 కిలోవాటుకు తగ్గించినా, భారీ పొడుగు అలల స్టేషన్ల కంటె ఇదే బాగా వినిపించింది. 1924 మే 30న పోల్డ్యూ నుంచి మాట్లాడిన మనిషి గొంతు ఆస్ట్రేలియాలో విన్నారు. అదే సంవత్సరం 32 మీటర్లకు దించితే పట్టపగలే బేరూట్ రేవులో ఉన్న ఎలెట్రాకు సంకేతం అందింది. పగటికి ఇంకా పొట్టి అల కావాలన్నమాట. 1902లో మొదలైన రాత్రీ పగలూ చిక్కు విడిపోయింది.

ఇదెట్లా సాధ్యం? మన ఫిజిక్సు పాఠమే. పొట్టి అల, అంటే 3 నుంచి 30 మెగాహెర్ట్జ్‌ల హై ఫ్రీక్వెన్సీ తరంగం, నేల వెంట పాకితే కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. ఆకాశంలోకి వాలుగా విసిరితే అయనోస్ఫియర్ దాన్ని వంచి కిందికి పంపుతుంది. పై ఎఫ్ పొర మీద ఒక్క గంతులో దాదాపు 4,000 కిలోమీటర్ల దాకా పోగలదు. కిందపడి, మళ్లీ ఎగిరి, ఇంకో గంతు. పగలు కింది డి పొర అలను పీల్చేస్తుంది. అల ఎంత పొట్టిదైతే ఆ పీల్పు అంత తక్కువ. మరీ పొట్టిదైతే పొరను చీల్చుకుని పైకే పోతుంది. గంతుకూ గంతుకూ మధ్య ఏమీ వినిపించని ఖాళీ నేల ఉంటుంది. అంటే స్టేషను దగ్గరగా ఉంటే బాగా వినిపిస్తుందనే మన మామూలు లెక్క ఇక్కడ చెల్లదు. 500 కిలోమీటర్లలో ఉన్నవాడికి వినిపించనిది 3,000 కిలోమీటర్లలో ఉన్నవాడికి ఖంగుమని వినిపిస్తుంది. కాబట్టి మ్యాపు మీద సమాన దూరాల్లో చుక్కలు పెట్టి గీత గీసుకుంటే సరిపోదు. ఏ వేళ, ఏ దిక్కుకు, ఎన్ని గంతుల్లో, ఏ అల మీద అని చూసి స్టేషన్లను అమర్చాలి. అయనోస్ఫియర్ ఉన్నదని ప్రయోగపూర్వకంగా ఆపిల్టన్ రుజువు చేసింది 1924 డిసెంబరులో. మార్కోనీ అంతకు కొన్ని నెలల ముందే ఆ పొరను నమ్ముకుని పెద్ద పందెం కాశాడు.

అది నిజంగా పందెమే. 1924 జులైలో కంపెనీ బ్రిటిషు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. కెనడా, దక్షిణాఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా నాలుగింటికీ ఇంగ్లండు నుంచి నేరుగా, మధ్య మజిలీ లేకుండా, బీమ్ పద్ధతిలో స్టేషన్లు. ఏరియల్ పవరు 20 కిలోవాట్ల ప్రాంతం. నిమిషానికి 100 మాటల వేగం ఉండాలి. సగటున రోజుకు కెనడాకు 18 గంటలు, ఇండియాకు 12, దక్షిణాఫ్రికాకు 11, ఆస్ట్రేలియాకు 7 గంటలు పనిచేయాలి. వరుసగా ఏడురోజులు పరీక్ష నెగ్గితేనే ప్రభుత్వం స్టేషను తీసుకుంటుంది. ఈ గంటల లెక్క చూడండి, 24 గంటలని ఎక్కడా లేదు. ఆకాశం తన చేతిలో లేదని తెలిసి చేసిన ఒప్పందం అది. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల పాత పథకాలను కూడా కొత్త పద్ధతికి మార్చవలసి వచ్చింది.

కెనడా సర్వీసు 1926 అక్టోబరులో, ఆస్ట్రేలియా 1927 ఏప్రిల్‌లో, దక్షిణాఫ్రికా జులైలో, మన ఇండియా సెప్టెంబరులో మొదలయ్యాయి. మన దేశపు స్టేషన్లు పూనా ప్రాంతంలో కట్టారు. పంపేది కిర్కీలో, అందుకునేది దౌండ్‌లో. ఇంగ్లండు వైపు పంపేది గ్రిమ్స్‌బీ దగ్గర, అందుకునేది స్కెగ్నెస్ దగ్గర. ఎందుకిలా విడదీశారంటే, పక్కనే 20 కిలోవాట్లు గర్జిస్తుంటే వేల మైళ్ల నుంచి వచ్చే బలహీనమైన సంకేతం రిసీవరుకు వినపడదు. విడదీస్తే రాకపోకలు రెండూ ఒకేసారి సాగుతాయి. ఆపరేటర్లు బొంబాయిలోనూ లండనులోనూ కూర్చునేవారు, స్టేషన్లకు తీగలు వేశారు. ఆస్ట్రేలియా బీమ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఆస్ట్రేలియా దాదాపు భూగోళానికి అవతలి వైపు ఉంది గదా. ఒక వేళ తూర్పు దారిన, ఇంకో వేళ భూమిని అటునుంచి చుట్టి పడమటి దారిన పంపేందుకు వీలుగా ఏరియల్‌ను అమర్చారు. ఏ దారి బాగుంటే ఆ దారి.

ఫలితం? సముద్రగర్భంలో కోట్లు పోసి వేసిన కేబుల్ కంపెనీల వ్యాపారాన్ని బీమ్ గబగబా లాగేసుకుంది. వాళ్లు మునిగిపోయే పరిస్థితి రాగా, 1928లో సామ్రాజ్యం దేశాలన్నీ సమావేశమై రెండు పద్ధతులనూ ఒకే కంపెనీ కిందికి తెచ్చాయి. మన దేశంలో ఆ సర్వీసు 1947లో ఓవర్సీస్ కమ్యూనికేషన్స్ సర్వీసుగా ప్రభుత్వపరమయింది.

అలాగని మజిలీ పద్ధతి తప్పు, నేరు పద్ధతి ఒప్పు అని సూత్రం రాసుకుంటే అదీ పొరపాటే. ఇంగ్లండు, కెనడాల దారి ఉత్తర ధ్రువ కాంతుల మండలానికి దగ్గరగా పోతుంది. సూర్యుని మీద అలజడి వచ్చినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. అలాంటి వేళల్లో దక్షిణాన ఉన్న స్టేషను మీదుగా చుట్టు తిప్పి పంపడం తరువాతి ఇంజనీర్లు నేర్చుకున్నారు. అప్పుడు మజిలీయే కాపాడుతుంది. మా ఊళ్లో చెప్పాలంటే, గట్టు తెగిన రోజున రెండో బోదె ఉన్నవాడే బతుకుతాడు.

మార్కోనీని మహాత్ముడిగా చిత్రించాలని నాకు లేదు. తొలి రోజుల్లో తన కంపెనీ ఆపరేటర్లను ఇతర కంపెనీల సెట్లు ఉన్న ఓడలతో మాట్లాడనిచ్చేవాడు కాదు. సముద్రం మీద ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడాలని 1906లో బెర్లిన్ సమావేశం నియమం పెట్టవలసి వచ్చింది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు 700 పైచిలుకు ప్రాణాలు దక్కడానికి ఆయన కంపెనీ ఆపరేటర్ల పిలుపే కారణమన్నదీ నిజమే. 1923లో ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరాడు. 1930లో ఇటలీ రాయల్ అకాడమీకి అధ్యక్షుడయ్యాడు. ఆయన హయాములో ఒక్క యూదు పండితుడికీ అక్కడ చోటు దొరకలేదు. అభ్యర్థుల జాబితాల్లో యూదుల పేర్ల పక్కన ఆయన గుర్తు పెట్టిన సంగతి తరువాతి పరిశోధకులు బయటపెట్టారు. ఖండాలను కలిపినవాడు మనుషులను విడదీసేవాళ్ల పక్కన నిలబడ్డాడు. తరంగాల విషయంలో తన నమ్మకాన్ని యాభయ్యో ఏట మార్చుకోగలిగినవాడు ఈ విషయంలో మార్చుకోలేదు. సైన్సు చదివేవాళ్లం ఈ రెండూ కలిపే గుర్తుంచుకోవాలి.

1937 జులై 20న రోములో గుండెజబ్బుతో కన్నుమూశాడు. ఆయన గౌరవార్థం ఎన్నో దేశాల రేడియో స్టేషన్లు రెండు నిమిషాలు మౌనం పాటించాయి.

తరువాత ఉపగ్రహాలు వచ్చాయి, సముద్రం అడుగున గాజుతీగల కేబుళ్లు వచ్చాయి. షార్ట్‌వేవ్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2004 డిసెంబరులో సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు టెలిఫోన్లన్నీ మూగబోతే, అక్కడ ఉన్న హామ్ రేడియోవాళ్లే బతికున్నవాళ్ల కబుర్లు దేశానికి చేరవేశారు. ఆ పని నేర్పే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983 నుంచీ మన హైదరాబాదులోనే ఉంది. తుఫాను తీరం మనది. టవర్లు కూలిన రాత్రి కబురు ఏ దారిన పోవాలో ముందే ఆలోచించి పెట్టుకోవలసినవాళ్లం మనం. ఫిజిక్సు లాబులో ఏరియల్ ప్రయోగం చేసే మిత్రులకు నా మనవి ఒక్కటే. మీటరులో పవరు ఎంత చూపిస్తున్నదో చూడటంతో ఆగవద్దు. అది ఏ దారిన పోతున్నది, ఆ దారి మూసుకుపోతే ఇంకో దారి ఉన్నదా అని కూడా చూడండి.